అమ్మమ్మ ఒక్కసారే కథ చెప్పిందా?

నాగర్‌కర్నూల్ నుంచి మా అక్క కూతురు ఫోన్ చేసింది. హైదరాబాద్ వచ్చి డెల్ఫ్ బి1 పరీక్ష రాయాలి, మూడు వారాలే ఉంది. మనకు ఫ్రెంచ్ ఎంతవరకు వచ్చో తేల్చి ఫ్రాన్స్ విద్యాశాఖ ఇచ్చే సర్టిఫికెట్ అది. "చిన్నమ్మా, చిన్నప్పటి సంగతుల మీద వ్యాసం రాసిన. సారు పేజీ నిండా ఎర్రపెన్ను పెట్టిండు. చివర్ల 'మీ అమ్మమ్మ ఒక్కసారే కథ చెప్పిందా?' అని రాసిండు" అంది. గొంతులో ఏడుపు తెలుస్తూనే ఉంది. ఆ అమ్మమ్మ అంటే మా అమ్మ. పోయి రెండేళ్లయింది.

పేజీ ఫొటో తీసి పంపమన్నాను. మాటలన్నీ సరిగ్గానే ఉన్నాయి. తంటా అల్లా క్రియలతోనే. మొదటి నుంచి చివరిదాకా పాసే కొంపోజే ఒక్కటే వాడేసింది.

ఫ్రెంచివాళ్లు మాట్లాడేటప్పుడు గడిచిన సంగతులకు ముఖ్యంగా రెండు రూపాలు వాడతారు. జరిగి ముగిసిన పనికి పాసే కొంపోజే. అలవాటుగా జరుగుతూ వచ్చిన పనికీ, ఆ వేళకు ఉన్న పరిస్థితికీ ఆంపార్ఫే. పాసే సాంప్ల్ అని ఇంకొకటి ఉంది గానీ అది పుస్తకాల సొత్తు, ఇంట్లో ఎవరి నోటా వినపడదు. ఆల్బేర్ కామూ 1942లో 'లెత్రాంజే' నవల అచ్చువేసినప్పుడు దాన్ని కూడా దాదాపు పక్కనపెట్టి, నలుగురూ మాట్లాడే పాసే కొంపోజేతోనే కథ నడిపాడు. పిల్లలు దాన్ని చూసి గుర్తుపట్టగలిగితే చాలు.

"ఇంగ్లిష్‌ల రెంటికీ టోల్డ్ అనే అంటం గద" అంది. అక్కడే ఉంది చిక్కు. మన పిల్లలు ముందు తెలుగును ఇంగ్లిష్‌లోకి మార్చుకుని, అక్కణ్నుంచి ఫ్రెంచ్‌లోకి దిగుతారు. మన దగ్గర ఉన్న తేడా ఆ మధ్య మజిలీలో జారిపోతుంది.

"ఇంగ్లిష్ సంగతి వదిలెయ్. ఇంట్ల మాట్లాడినట్టు చెప్పు" అన్నాను.

"అమ్మమ్మ రోజూ రాత్రి కథలు చెప్తుండె. కరెంటు పోతే అందరం మిద్దె మీద పండుకుంటుంటిమి. ఒకసారి నల్లమల పులి కథ చెప్పింది. నాకు బాగ భయమేసింది."

పాఠం అయిపోయినట్టే. చెప్తుండె, పండుకుంటుంటిమి: ఈ రెండూ ఆంపార్ఫే. గుంటూరు వాళ్లయితే చెప్పేది, పడుకునేవాళ్లం అంటారు. చెప్పింది, భయమేసింది: ఈ రెండూ పాసే కొంపోజే. భయం సంగతే చూడండి. చీకట్లో భయంగా ఉండె అంటే 'జావే పెర్', ఉన్నట్టుండి భయమేసింది అంటే 'జే యూ పెర్'. అప్పటికే తెలుసు అంటే 'జె సవే', అప్పుడు తెలిసింది అంటే 'జే సూ'. ఇంగ్లిష్‌లో న్యూ అనే ఒక్క మాటతో కుస్తీ పట్టే పిల్ల తెలుగులో ఏనాడూ తడబడి ఉండదు.

చెవికి మాత్రం ఇది కష్టమే. ఆమె ఒకసారి చెప్పింది అంటే 'ఎల్ మా రకోంతే'. రోజూ చెప్తుండె అంటే 'ఎల్ మె రకోంతే'. తేడా అంతా మా, మె దగ్గరే. నేర్చుకునే రోజుల్లో నేనూ ఎన్నిసార్లు తప్పు విన్నానో!

ఆంపార్ఫే కట్టడం తేలిక. వర్తమానంలో 'మేము' రూపం 'నూ పార్లోం' తీసుకుని, చివరి ఓం తీసేసి ఏ తగిలిస్తే 'పార్లే'. ఈ లెక్కకు లొంగనిది ఎత్ర్ ఒక్కటే.

ఎక్కువకాలం సాగితే ఆంపార్ఫే అని కొన్ని గైడ్లలో రాస్తారు. నమ్మకండి. యానాంను ఫ్రెంచివాళ్లు 1954 దాకా ఏలారు. ఎన్ని తరాలు ఏలినా సరే, ఎప్పటిదాకానో హద్దు గీసి చెప్పాం కాబట్టి పాసే కొంపోజేనే. నాగర్‌కర్నూల్‌ల పదేండ్లు ఉన్నం అన్నా అంతే. అప్పట్ల కేసరి సముద్రం చెరువు దగ్గర ఉంటుంటిమి అంటే ఆంపార్ఫే.

తెలుగు మోసం చేసే చోటూ ఒకటుంది. 'నేను పోయేసరికి అమ్మమ్మ బియ్యం ఏరుతున్నది' అంటాం. ఏరుతున్నది చూడటానికి వర్తమానం. పిల్ల అలాగే వర్తమానంలో రాసేసింది. ఫ్రెంచ్‌లో అక్కడ ఆంపార్ఫే పడాలి. ఇలాంటివి ఆ పేజీలో మూడు దొరికాయి.

మర్నాడు తిరగరాసి పంపింది. మిద్దె, చీకటి, కథలు, బియ్యం చాట అన్నీ ఆంపార్ఫేలోకి మారాయి. పులి కథ చెప్పిన రాత్రి మాత్రం పాసే కొంపోజేలో ఉంది. చివరి వాక్యం కింద గీత గీసి, "ఇది కరెక్టేనా చిన్నమ్మా?" అని అడిగింది. ఎత్ర్‌తో కట్టే కొద్దిపాటి క్రియల్లో చనిపోవడం ఒకటి. చనిపోయింది మగవాడైతే 'మోర్', ఆడమనిషైతే 'మోర్త్', చివర త పలుకుతుంది. 'ఎల్ ఎ మోర్త్' అని రాసింది.

కరెక్టే అన్నాను.