ఇంజన్ గొడవ మనకెందుకు?

కారు రిపేరు మగవాళ్ల వ్యవహారమని మన ఇళ్లలో ఇంకా ఓ లెక్క ఉంది. బిల్లు దగ్గరకొచ్చేసరికి మాత్రం మనం దాచుకున్న చీటీ డబ్బులే దిక్కు! శ్రీకాకుళం, విజయనగరాల్లో ఇప్పుడు పిల్లల్ని బడికి, అత్తగారిని ఆసుపత్రికి, ఆదివారం అందర్నీ అరసవల్లికి తీసుకెళ్తున్న ఆడవాళ్లు ఎంతమంది లేరు! డ్యాష్‌బోర్డు మీద పసుపుపచ్చ ఇంజన్ బొమ్మ వెలిగితే దాని సంగతి మనకెందుకు తెలియకూడదు?

కిందటేడు మా పెద్ద బండికి ఆ దీపం వెలిగింది. పొద్దున్నే స్టార్ట్ చేస్తే కాసేపు గలగలమనేది. వర్క్‌షాపు కుర్రాడు స్టీరింగ్ కింద ఓ యంత్రం తగిలించి, "పి0016 వచ్చిందమ్మా. ఏటీ నేదు, సెన్సార్ పోనాది. మార్సీస్తే సరిపోద్ది" అన్నాడు. మార్చారు, దీపం ఆరింది. నాలుగోరోజు రణస్థలం దాటకుండానే మళ్లీ వెలిగింది. ఈసారి టైమింగ్ చెయిన్ మొత్తం మార్చాలట, ముప్పై ఎనిమిది వేలట. ఆ మాట నాతో కాదు, మావారికి ఫోన్ చేసి చెప్పారు. బండి తోలేది నేను, ఆ శబ్దం విన్నది నేను!

అసలు ఆ కోడ్ ఏ సామాను పోయిందో చెప్పదు. ఇంజన్లో క్రాంక్ షాఫ్ట్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ షాఫ్ట్ ఒక చుట్టు తిరగాలి. రెంటినీ కలిపేది చెయినో, బెల్టో. ఒకే రోట్లో ఇద్దరు దంచుతున్నారనుకోండి. ఒకరి రోకలి లేచినప్పుడే రెండోవారిది పడాలి. వరస తప్పితే రెండూ ఢీకొంటాయి. ఇక్కడా అంతే. చాలా ఇంజన్లలో చెయిన్ బాగా జారితే పిస్టన్ వెళ్లి వాల్వులకు తగులుతుంది. అప్పుడు ఖర్చు వేలతో పోదు. పి0016 చెప్పేది ఆ ఇద్దరి వరస కలవడం లేదని మాత్రమే. పి0335 క్రాంక్ సెన్సార్ సర్క్యూట్‌ది, పి0340 క్యామ్ సెన్సార్ సర్క్యూట్‌ది. అవైనా సెన్సారే పోయిందని తీర్పు కాదు, వైరు తెగినా వస్తాయి.

ఈ కోడ్లు ఏ కంపెనీ సొంత రహస్యాలూ కావు. పి తర్వాత సున్నా ఉంటే అన్ని కంపెనీలకూ ఒకటే అర్థం. అమెరికాలో 1996 మోడళ్ల నుంచి, మన దేశంలో 2013 ఏప్రిల్ నుంచి కార్లకు ఓబీడీ-2 పద్ధతి తప్పనిసరి అయింది.

చివరికి మరోచోట కవరు విప్పి, గుర్తులు కలిపి చూశారు. చెయిన్ నిజంగానే సాగింది. సెన్సార్ నిక్షేపంలా ఉంది, దానికి పోసిన నాలుగు వేలు మాత్రం గంగలో కలిశాయి. పెద్ద బిల్లు చెప్పినందుకు నాకు కోపం లేదు. చూడకుండా చెప్పినందుకే కోపం.

కాబట్టి కోడ్ నంబరు కాగితం మీద రాయించుకోండి. దాన్ని చెరిపేయకముందే స్క్రీన్ ఫొటో తీసుకోండి. ఎందుకంటే చెరిపితే దీపం వెలిగినప్పుడు బండి ఎంత వేగంలో ఉందో, ఇంజన్ ఎంత వేడి మీద ఉందో చెప్పే లెక్కా పోతుంది. ముందు ఆయిల్ చూడమనండి. చెయిన్‌ను బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ చాలా బళ్లలో ఆయిల్ ఒత్తిడితోనే పనిచేస్తుంది. తర్వాత వైర్లు. మన సముద్రపు గాలికి పిన్నులకు చిలుం పట్టడం, ఎలుకలు కొరకడం కొత్తేం కాదు. ఆ తర్వాతే సెన్సార్లు, చెయిన్. పసుపు దీపం మిణుకుమిణుకుమంటున్నా, ఎర్రటి ఆయిల్ దీపం వెలిగినా "ఇంటికి చేరిపోదాం" అనుకోవద్దు. పక్కకు ఆపి ఇంజన్ కట్టేయండి.

ఇంకోటి, జాబ్‌కార్డు మీద బండి నడిపే మనిషి ఫోన్ నంబరే రాయించండి.