కొత్త కరెంటు – పాత స్టార్టరు

కంప్యూటరు కొత్తదైతే పని సులువవుతుందని లోకం అనుకుంటుంది. మన సైన్సు విద్యార్థుల అనుభవం అందుకు భిన్నం. ల్యాబులో కొత్త యంత్రాలు దిగిన మరునాడే, నిన్నటిదాకా చక్కగా నడిచిన ప్రోగ్రాములు మొరాయిస్తాయి. "సార్, నడుస్తలేదు" అన్న కేక ఒక మూల నుంచి మొదలై గదంతా పాకుతుంది. తప్పెవరిది? యంత్రానిదని కొందరు, విండోస్‌దని కొందరు, రాసినవాడిదని మరికొందరు. నన్నడిగితే ప్రతి ప్రోగ్రామూ తాను పుట్టిన నాటి లోకాన్ని నమ్ముకొని ఉంటుంది. ఆ నమ్మకం ఎక్కడా రాసిపెట్టి ఉండదు. లోకం మారిన రోజున అదే ఎర్రర్‌గా బయటపడుతుంది.

ఇది కంప్యూటర్లకే పరిమితమైన సంగతి కాదు. మా కౌడిపల్లి దిక్కు రైతును అడిగితే ఆటోస్టార్టరు కథ చెబుతాడు. ఒకప్పుడు వ్యవసాయానికి కరెంటు వంతులవారీగా వచ్చేది. సగం వంతు రాత్రిపూట. చీకట్లో బాయి కాడికి పోయి, పాముకో షాకుకో బలైన రైతుల సంగతి పత్రికల్లో చదవనివారు లేరు. అందుకని బోరు మోటారుకు ఆటోస్టార్టరు బిగించుకున్నారు. కరెంటు రాగానే మోటారు దానంతటదే ఎత్తుకుంటుంది, పోగానే ఆగిపోతుంది. మనిషి నిద్ర మనిషిది. ఎంత తెలివైన ఏర్పాటు! కానీ ఆ తెలివిలో ఒక నమ్మకం దాగి ఉంది: కరెంటు ఎప్పుడో ఒకప్పుడు పోతుంది. 2017లో ఉమ్మడి మెదక్ జిల్లాలో ప్రయోగాత్మకంగానూ, 2018 జనవరి 1 నుంచి తెలంగాణ అంతటానూ వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చింది. ఆటోస్టార్టరు దాని పని అది చేసింది. మోటారు ఎత్తుకుంది. ఇక ఆపేవాడెవడు? మడి నిండి గట్లు తెగినా, బోర్ల మీద బతికే మెతుకుసీమలో నీళ్ళు అడుగంటినా, దానికేం తెలుసు? చివరికి ఆటోస్టార్టర్లు తీసేయమని అధికారులు ఊరూరా తిరిగి చెప్పవలసి వచ్చింది. అక్కడ ఏ యంత్రమూ చెడిపోలేదు. ఎర్రర్ అన్న మాటా ఎక్కడా కనబడలేదు.

మన టర్బో సి కథ కూడా అచ్చం ఇట్లాంటిదే. ఈ సావనీరు తిరగేసే పూర్వ విద్యార్థుల్లో చాలామంది ఆ నీలి తెరను మరచిపోయి ఉండరు. బోర్లాండ్ కంపెనీ టర్బో సిని 1987లోను, టర్బో సి ప్లస్ ప్లస్‌ను 1990లోను తెచ్చింది. అది డాస్ కాలపు సరుకు, 16 బిట్ల లోకం. 32 బిట్ల విండోస్‌లో అటువంటి పాత చుట్టానికి ఒక గది కేటాయించి ఉండేది కాబట్టి కొన్నాళ్ళు నడిచింది. విస్టా, విండోస్ 7 వచ్చేసరికి తెర నిండా విప్పుకోవటానికి వీల్లేదన్న సందేశం మొదలయింది. 64 బిట్ల విండోస్‌లో ఆ గదే లేదు. ప్రాసెసరు 64 బిట్ల పద్ధతిలో నడిచేటప్పుడు డాస్ ప్రోగ్రాములకు అవసరమైన పాత పద్ధతి దానికి అందదు. 2021లో వచ్చిన విండోస్ 11 అయితే 64 బిట్లలో మాత్రమే దొరుకుతుంది.

మరి మనవాళ్ళు ఏం చేశారు? డాస్‌బాక్స్ తెచ్చారు. కొత్త యంత్రం కడుపులో ఒక పాత యంత్రాన్ని బొమ్మగా కట్టి చూపే ప్రోగ్రాం అది. ఆటల మీద మమకారం ఉన్నవాళ్ళు పాత డాస్ ఆటల కోసం తయారు చేసుకున్నారు. తెలుగునాట అది డిగ్రీ కళాశాలల పాలిట సంజీవని అయి కూర్చుంది! "మౌంట్ సీ" అంటూ మొదలయ్యే నాలుగు ఆజ్ఞలను మన విద్యార్థులు మంత్రంలా బట్టీ పడతారు. ఎందుకని అడిగితే "సీనియర్లు గట్లనే కొట్టమన్నరు" అంటారు. అసలు సి భాష అంటే ఆ నీలి తెరేనని నమ్మేవాళ్ళు నా మిత్రుల్లోనే ఉన్నారు.

డాస్‌బాక్స్ మీద నాకు కోపం లేదు. దాని చోటు వేరు. మూల ప్రోగ్రాం మన చేతిలో లేనప్పుడు దానికి మించిన ఉపాయం లేదు. కానీ ల్యాబు మాన్యువల్లోని ప్రోగ్రాములు మనం మన చేత్తో కొట్టినవి. అక్షరం అక్షరం మన ముందుంది. దాన్ని దిద్దటం మానేసి, దాని కోసం లోకాన్నే వెనక్కి తిప్పటం ఏం న్యాయం?

దిద్దటం కష్టమా అంటే, సగం ఎర్రర్లు కంపైలరే వేలు పెట్టి చూపిస్తుంది. సి ప్లస్ ప్లస్‌కు 1998లో ప్రమాణం ఏర్పడ్డాక "ఐఓస్ట్రీమ్ డాట్ హెచ్"లో డాట్ హెచ్ పోయింది; జీసీసీకి ఇస్తే అటువంటి ఫైలే లేదంటుంది. "వాయిడ్ మెయిన్" చెల్లదు, "ఇంట్ మెయిన్" అనాలి. తెర తుడిచే "క్లియర్ స్క్రీన్" బోర్లాండ్ వారి సొంత సదుపాయమే గాని సి భాషలో భాగం కాదు. ఆ వరుస తీసేస్తే ప్రోగ్రాముకు వచ్చిన నష్టమేమీ లేదు. ఇవన్నీ ఒక పూట పని.

భయపడవలసింది నోరు మెదపని తప్పులకు. టర్బో సిలో "ఇంట్" అంటే రెండు బైట్లు. 32767 దాటితే అంకె తిరగబడుతుంది. 8 ఫాక్టోరియల్ 40320 కదా, టర్బో సి మైనస్ 25216 అని చూపిస్తుంది. ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు. నేటి కంపైలర్లలో "ఇంట్" నాలుగు బైట్లు కాబట్టి అదే ప్రోగ్రాం సరైన జవాబే ఇస్తుంది. బాగానే ఉంది. కానీ ఫైళ్ళ దగ్గరకు వస్తే కథ అడ్డం తిరుగుతుంది. రోల్ నంబరు ఒక "ఇంట్", మార్కులు ఒక "ఇంట్" చొప్పున టర్బో సిలో దాచిన ఫైలు ఒకటి ఉందనుకోండి. మొదటి విద్యార్థి రోల్ నంబరు 1, మార్కులు 62. అదే ప్రోగ్రామును కొత్త కంపైలరుతో కట్టి ఆ ఫైలు చదివించండి. నాలుగు బైట్లూ ఒకే అంకెగా మింగి, రోల్ నంబరు 4063233 అంటుంది. రెండోవాడి వివరాలన్నీ మొదటివాడి మార్కులైపోతాయి. ప్రోగ్రాం మాత్రం నిబ్బరంగా చివరిదాకా నడుస్తుంది, గట్టు తెగినా ఆగని మోటారులాగా. "ఇంట్" ఉన్నచోట "షార్ట్" అని మారిస్తే తిరిగి రెండు బైట్లే చదువుతుంది, 1కి 62 వచ్చి చేరుతుంది. మారుస్తున్నది ఒక్క మాట. కానీ ఆ మాట ఎందుకు మార్చాలో తెలుసుకున్న విద్యార్థి, మెమొరీ అంటే ఏమిటో ఒక పాఠ్యపుస్తకం చెప్పలేనంత తెలుసుకుంటాడు.

యంత్రం మరీ చురుకై కూలిపోయిన ప్రోగ్రాములూ ఉన్నాయి. టర్బో పాస్కల్‌లో రాసినవి 1990ల చివర వచ్చిన వేగవంతమైన కంప్యూటర్లలో "రన్‌టైమ్ ఎర్రర్ 200" అని పడిపోయేవి. కాసేపు ఆగటానికి ఎన్ని చుట్లు తిరగాలో అది మొదట్లోనే లెక్క కట్టుకుంటుంది. యంత్రం వేగానికి ఆ లెక్క 16 బిట్లలో పట్టక, సున్నతో భాగించినట్టు గోల పెట్టేది. కంప్యూటర్లు ఇంత వేగమవుతాయని రాసినవాడు కలగన్నాడా?

"ఎందుకొచ్చిన గొడవ, పాత విండోసే ఉంచుకుంటే పాయె" అనేవారూ ఉన్నారు. ఇది అన్నిటికన్నా ప్రమాదం. 2017 మేలో వాన్నాక్రై దాడి జరిగినప్పుడు, మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చిన సవరణ వేసుకోని యంత్రాలు ప్రపంచమంతటా దానికి చిక్కాయి. ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లు కొన్నింటికి సైతం ఆ దెబ్బ తగిలింది. ఎక్స్‌పీకి మద్దతు 2014 ఏప్రిల్‌లోనే ముగిసింది. ఒక్క పాత ప్రోగ్రాం కోసం యంత్రాన్నంతా అక్కడే ఆపటమంటే, ఒక కిటికీ రెక్క పట్టటం లేదని ఇంటి తలుపులన్నీ తీసిపెట్టుకోవటమే. అంతగా పాతది కావాలంటే, నెట్‌కు తగిలించని డాస్‌బాక్స్ గదిలో పెట్టుకుంటే సరిపోతుంది.

అట్లా పెట్టుకోదగ్గవి లేకపోలేదు. ఇటువంటి సావనీర్ల పాత సంచికలే చూడండి. యూనికోడ్‌కు ముందు తెలుగు డీటీపీ చాలావరకు పేజ్‌మేకర్‌లో, అను వంటి ఫాంట్లతో జరిగింది. ఆ ఫాంటు లేని యంత్రంలో ఆ ఫైలు తెరిస్తే కవిత్వమంతా ఇంగ్లీషు అక్షరాల పిచ్చిగీతలై కనబడుతుంది. పేజ్‌మేకర్ చివరి ప్రతి 2001 నాటిది; దాని మూలం మన దగ్గర ఉండదు, దిద్దలేము. కాబట్టి పాత యంత్రాన్నో దాని బొమ్మనో నిలబెట్టి, ఫైళ్ళు తెరిచి, యూనికోడ్‌లోకి మార్చుకోవాలి. డిస్కులు చెడిపోకముందే ఆ పని జరగాలి. పూర్వ విద్యార్థుల ఇళ్ళల్లో అట్లాంటి సీడీలు ఉంటే యూనియన్‌కు అందజేయవలసిందిగా కోరుతున్నాను.

ఇక అధ్యాపకులకు ఒక విన్నపం. మాన్యువల్లోని ప్రోగ్రాములను ఈ ఏడాది విద్యార్థుల చేతనే కొత్త కంపైలరుకు తగ్గట్టు దిద్దించండి. ఏ వరుస మార్చాం, పాతది దేన్ని నమ్ముకొని ఉంది అన్నది రికార్డులో రాయించండి. ప్రాక్టికల్స్‌లో అవుట్‌పుట్‌కు ఇచ్చే మార్కుల్లో కొన్ని ఈ వివరణకు కేటాయించండి. సొంత కంప్యూటరు లేని మాబోటి పల్లెటూరి వాళ్ళకు ల్యాబులో దొరికే రెండు గంటలే చదువు. అవి మౌంటు మంత్రాలకే పోతే, పెట్టె కొనుక్కున్నవాడికీ మాకూ మధ్య దూరం ఎప్పటికి తీరేను?

మా తరగతిలో నలుగురం ఈ పని మొదలుపెట్టాం. బబుల్ సార్ట్ నుంచి లింక్డ్ లిస్టు దాకా అయినయ్. గ్రాఫిక్స్ ప్రోగ్రాములు ప్రస్తుతానికి డాస్‌బాక్స్‌లోనే ఉంచినం. ఫైళ్ళవి పన్నెండు మిగిలినయ్, చేయి వేసేవాళ్ళు ల్యాబుకు రండి.