మన చావుల లెక్క ఏదీ?

2020 మార్చి 25. అమీర్‌పేట, పంజగుట్ట హాస్టళ్ల ముందర పెట్టెలు, బ్యాగులు, పిల్లలు. లాక్‌డౌన్ పడంగనే ఖాళీ చేయమన్నారు హాస్టలోళ్లు. ఊరికి పోదామంటే బస్సు లేదు, రైలు లేదు. అనుమతి కాయితం కోసం పోలీసుస్టేషన్ల ముందు వందలమంది గుంపులు కట్టారు. ఆ కాయితం పట్టుకొని ఆంధ్ర సరిహద్దు గరికపాడు దాకా పోయినవాళ్లను అక్కడ ఆపేశారు. టీవీలు చూపించినయి, అందరూ అయ్యో అన్నారు.

ఆ పిల్లల కష్టం కష్టమే. కూలి డబ్బులు కూడబెట్టి కోచింగుకు పంపితే వచ్చిన మన వాడల పిల్లలు కూడా అందులో ఉన్నారు. కానీ అదే గల్లీల్లో ఏ టీవీ చూపించని జనం ఇంకొందరున్నారు. హాస్టళ్లలో అంట్లు తోమేవాళ్లు, తెల్లారక ముందే రోడ్లు ఊడ్చేవాళ్లు, ఆస్పత్రుల్లో మంచాల కింద తుడిచేవాళ్లు. ఇంట్లో కూచొని చేసే పని కాదు వాళ్లది. ఒక్కటే గది, నలుగురికి ఒక్కటే నల్లా. దూరం పాటించండని మైకుల చెప్తే ఎక్కడికి జరగాలె? (మనల్ని దూరం పెట్టుడు ఈ దేశానికి కొత్తేం కాదు, అది వేరే ముచ్చట.)

పంజగుట్టలో నిమ్స్ ఉంది. చుట్టుపక్కల పెద్ద పెద్ద కార్పొరేట్ ఆస్పత్రులున్నాయి. 2020 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం ప్రైవేటు ఆస్పత్రులకు ధరలు కట్టింది: మామూలు వార్డుకు రోజుకు 4,000, ఐసీయూకు 7,500, వెంటిలేటర్ పెడితే 9,000. ఖరీదైన మందులు దీనికి అదనం. పక్కింట్లో పాచి పని చేసే అక్క ఎన్ని రోజులు ఆ మంచం మీద ఉండగలదో లెక్క వేసుకోండి. ఆస్పత్రి నడిచిపోయేంత దగ్గర, కానీ లోపలికి పోలేనంత దూరం.

ఇక ఆయుష్షు లెక్కకు వద్దాం. సగటు ఆయుర్దాయం అంటే, ఈ ఏడు జనం చచ్చిపోతున్న తీరే ఎప్పటికీ ఉంటే, ఈరోజు పుట్టిన బిడ్డ ఎన్నేళ్లు బతుకుతుందనే అంచనా. సర్కారు పట్టిక ప్రకారం 2016-20లో అది 70.0, 2017-21లో 69.8. ఇంత మహమ్మారి వస్తే తగ్గింది రెండు నెలల పైచిలుకేనా? అదెట్లంటే, ఆ పట్టిక ఐదేళ్లు కలిపి తీసే సగటు. చెడ్డ ఏడును మంచి ఏళ్లలో కలిపితే పలచనైపోతుంది. చారెడు కారం కుండెడు నీళ్లలో పోసినట్టు.

2024 జులైలో ‘సైన్స్ అడ్వాన్సెస్’ అనే పత్రికలో కొందరు పరిశోధకులు ఒక్క 2020నే విడిగా చూశారు. ఒక్క ఏడాదిలో ఆయుర్దాయం 2.6 ఏళ్లు పడిపోయిందన్నారు. ఎవరికి ఎంత పడిందో కూడా చెప్పారు. అగ్రకుల హిందువులకు 1.3 ఏళ్లు. దళితులకు 2.7. ఆదివాసులకు 4.1. ముస్లిములకు 5.4. మగవాళ్లకు 2.1 అయితే ఆడవాళ్లకు 3.1. కేంద్ర ఆరోగ్యశాఖ ఈ లెక్క చెల్లదన్నది. సరే, చెల్లే లెక్క మీరే తీయండి మరి!

మహమ్మారికి ముందు మాత్రం మనం సమానంగా బతికినమా? తొమ్మిది రాష్ట్రాల లెక్కలతో 2022లో వచ్చిన ఇంకో పరిశోధనలో, దళితుల ఆయుష్షు అగ్రకులాల కంటే మూడేళ్లకు పైగా తక్కువ. ఆ గుంట ముందే ఉంది. కరోనా వచ్చి ఇంకింత లోతు చేసింది.

ఇంతకూ మా బాధ వేరే ఉంది. 2020 లెక్క తీసింది జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నుంచి, 14 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాలకు. అందులో తెలంగాణ లేదు, ఆంధ్ర లేదు. మన దగ్గర ఆ సర్వే 2019లోనే అయిపోయింది, జబ్బు రాకముందే. పైగా ఆ లెక్క 2020 వరకే. 2021 వేసవిలో శ్మశానాల ముందు వరుసలు కట్టిన శవాలు అందులో లేవు. 2021లో దేశం మొత్తంమీద కోటీ 2 లక్షల మరణాలు నమోదైనయి, అంతకు ముందు ఏడాది కంటే 21 లక్షలు ఎక్కువ. అందులో మనవాళ్లెందరు? తెలియదు. మరణం నమోదు చేసే ఫారంలో మతం రాసే గడి ఉంది, కులం రాసే గడి లేదు.

తెల్లోళ్ల పాలనలో, 1918 ఇన్‌ఫ్లుయెంజా అప్పుడు బొంబాయిలో ఆ లెక్క రాసి పెట్టిండ్రు. కింది కులాల హిందువుల్లో వెయ్యికి 61 మందికి పైగా పోతే, మిగతా హిందువుల్లో 19 మంది లోపు, యూరోపియన్లలో 8 మంది. నూరేళ్ల కిందట రాయగలిగిన లెక్క ఇప్పుడు ఎందుకు రాయలేరు? 2024 చివర తెలంగాణ సర్కారు ఇంటింటికి తిరిగి కులాలు లెక్కబెట్టి, ఎస్సీలు 17.43 శాతం అని ప్రకటించింది. మంచిదే. బతికున్నోళ్ల లెక్క తేలింది, సచ్చినోళ్ల సంగతేంది?

లెక్క లేకపోతే పైసలు కూడా రావు. కరోనాతో పోయినవాళ్ల కుటుంబానికి 50,000 రూపాయలు ఇవ్వాలని 2021లో నిర్ణయమైంది. దానికి పరీక్ష కాయితం, మరణ కారణం కాయితం కావాలె. పరీక్షే చేయించుకోక, ఇంట్లోనే దమ్ము ఆగి పోయిన కూలి మనిషికి ఏ కాయితముంటది?

అందుకే కార్యకర్తలను ఒకటి అడుగుతున్నాం. అమీర్‌పేట వెనక బస్తీలైనా, మీ ఊరి వాడైనా, ఒక నోటుబుక్కు పట్టుకొని పోండి. 2020, 2021లలో ఎవరింట్లో ఎవరు పోయిండ్రు, వయసెంత, ఏం పని, ఏ నెల, ఆస్పత్రిలోనా ఇంట్లోనా, సర్టిఫికెట్ ఉన్నదా లేదా రాయండి. మరణం నమోదు కానివాళ్లుంటే, ఏడాది దాటిన కేసు కాబట్టి కలెక్టరు గానీ ఆర్డీవో గానీ ఉత్తర్వు ఇయ్యాలె. ఒక్కొక్కరు పోతే తిప్పుతరు. వాడంత కలిసి ఆ నోటుబుక్కుతోనే పోదాం.