ఏ రాష్ట్రమున సుఖము?

తెలంగాణము ప్రత్యేక రాష్ట్రమైన 2014 జూన్ 2వ తేది మొదలుకొని పెద్దపల్లి ప్రాంతపు పేరంటములలో నొక ప్రశ్న తఱచుగా వినవచ్చుచున్నది. పిల్ల నిచ్చుటకు ఆంధ్రప్రదేశము మేలా, తెలంగాణము మేలా? ఇది యిచ్చట పుట్టుట వింత కాదు. గోదావరిఖని బొగ్గుగనులను, రామగుండము విద్యుత్కేంద్రమును నమ్ముకొని ఉభయప్రాంతముల కుటుంబములు ఏండ్ల తరబడి ఇరుగుపొరుగున కాపురము చేయుచున్నవి, వియ్యమును అందుచున్నవి.

మగవారు తలసరి ఆదాయము చూపి తెలంగాణమునకు జయపత్రిక వ్రాసి యిత్తురు. కాని ఆ లెక్కలో హైదరాబాదు కోటీశ్వరుని రాబడియు, సుల్తానాబాదు బియ్యపుమిల్లులో బస్తాలు మోయువాని కూలియు ఒకే గంపలో పడును. ఆ గంపనుండి మన వంటింటికి వచ్చున దెంత? కావున ఇల్లాలికి పనికివచ్చు లెక్కలనే చూతము.

2019-21లో జరిగిన ఐదవ జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము, ఏడాది నిండక మున్నే మరణించిన శిశువులు వేయింటికి ఆంధ్రప్రదేశమున 30, తెలంగాణమున 26. పొగ లేని పొయ్యి గల యిండ్లలో నుండువారు నూటికి అచ్చట 84, ఇచ్చట 92. మరుగుదొడ్ల విషయమున ఆంధ్రమే వెండ్రుకవాసి ముందు. రక్తహీనతతో బాధపడు స్త్రీలు మాత్రము అచ్చట 59, ఇచ్చట 58. ఇంటిల్లిపాది తినగా అడుగున మిగిలినది ఇల్లాలు తిను ఆచారము రెండు చోట్లను గలదు గదా!

ఇక మేము ముఖ్యముగా చెప్పదలచిన సంగతి. శస్త్రచికిత్సతో జరిగిన కాన్పులు నూటికి ఆంధ్రమున 42, తెలంగాణమున 61. కరీంనగరు జిల్లాలో, అనగా 2016లో మన పెద్దపల్లి ఏ జిల్లానుండి విడివడినదో అందు, 80 దాటినవి. ప్రైవేటు ఆసుపత్రులలో ఆంధ్రమున 63 కాగా తెలంగాణమున 81కి పైగా నున్నవి. ప్రభుత్వాసుపత్రులలో 27కు బదులు 44కి పైగా. ధనము హెచ్చిన రాష్ట్రమున కోతయు హెచ్చినది. బిడ్డ అడ్డము తిరిగినపుడు, తల్లికి రక్తపుపోటు మించినపుడు ఆ కత్తియే ప్రాణదాత. అట్టి వేళ వైద్యుని మాటకు అడ్డుపడరాదు. కాని ఒక దేశపు కాన్పులలో నూటికి పది దాటిన పిదప ఈ శస్త్రచికిత్సలెంత పెరిగినను తల్లుల మరణములుగాని శిశుమరణములుగాని అందువలన తగ్గుట కానరాలేదని ప్రపంచారోగ్యసంస్థ 2015లో ప్రకటించినది. మిగిలిన కోతలెవరికొఱకు? కొన్ని ఆసుపత్రి రాబడికొఱకు, కొన్ని నొప్పుల భయముచేత. కొన్నింటికి మాత్రము మనమే బాధ్యులము. మంగళవారము పుట్టరాదని పంచాంగము చూపి సోమవారమే కోడలి కడుపు కోయించు అత్తగారు చదువుకొన్నవారిలోను లేకపోలేదు. మానుటకు వారములు పట్టు గాయముతో ఆ పిల్ల నీళ్లబిందె ఎత్తరాదు. మొదటి కాన్పు కోతయైన రెండవదియు కోతయగుట మెండు. ముహూర్తము పెట్టినవారు ఆ బిందె మోయుదురా?

ఒక్క రాష్ట్రమున, ఒక్క యూరిలోనే రెండు బ్రదుకులున్న సంగతియు మఱువరాదు. గోదావరిఖనిలో శాశ్వతోద్యోగి భార్యకు కంపెనీ క్వార్టరు, కంపెనీ ఆసుపత్రి కలవు. ఆరవేసిన బట్టలపై బొగ్గుదుమ్ము పడును, భర్త రాత్రి షిఫ్టునకు పోయిన నాడు నిద్ర పట్టదు. ఐనను నెలజీతము నిశ్చయము. అదే గనికి కాంట్రాక్టు కూలిగా పోవువాని భార్య అద్దెగదిలో నుండి, కూలి పడిన దినమున బియ్యము తెచ్చుకొనును. ఈ యిద్దఱి నడుమనున్న దూరము రెండు రాష్ట్రముల నడుమనున్న దానికంటె హెచ్చని మా యభిప్రాయము.

కావున పెండ్లిచూపులనాడు రాష్ట్రము పేరుతో తృప్తిపడక, వరుని ఉద్యోగము శాశ్వతమా, నీళ్లకొళాయి ఇంటిలోనిదా, కాన్పు లెచ్చట జరుగునని అడుగుడు. రామగుండమున 2022లో వైద్యకళాశాల వెలసినది. ఇచ్చటివారు దూరపు ప్రైవేటు ఆసుపత్రికి పరుగిడుటకు మున్ను కళాశాలకు చేరిన ప్రభుత్వాసుపత్రికి పోయి, అందు కోత లేని కాన్పులు నూటికెన్ని జరుగుచున్నవో తెలిసికొనిరండు. గర్భిణిని వెంటబెట్టుకొని, ఐదవ నెలలోనే పొండు.