వరి ఎండాకు తెగులు: ఫొటో తీసేసరికే ఆలస్యం.. రైతు ఫోన్‌కు రావాల్సింది ముందస్తు హెచ్చరిక!

నంద్యాల జిల్లా జూపాడు బంగ్లా మండలం అనగానే గుర్తొచ్చేది పోతిరెడ్డిపాడు హెడ్ రెగ్యులేటర్. శ్రీశైలం నీళ్లు సీమకు మళ్లేది ఇక్కడి నుంచే. కాలువ నీళ్లు పారే చోట వరి తప్పదు. వరి అంటే ఈ ప్రాంతంలో ముందుగా వినిపించే పేరు కర్నూలు సోనా, అంటే బీపీటీ 5204. అన్నానికి తిరుగులేదు, మార్కెట్లో పేరుంది. కానీ బ్యాక్టీరియా ఎండాకు తెగులు వస్తే ఈ రకం తట్టుకోలేదు.

మందు కొడితే పోదా?

ఇక్కడే అసలు చిక్కు. అగ్గి తెగులు లాంటి శిలీంధ్ర తెగుళ్లకు మందులున్నాయి. ఎండాకు తెగులు బ్యాక్టీరియా ఆకులోకి దిగాక నయం చేసే మందు లేదు. దుకాణాల్లో ఇచ్చే స్ట్రెప్టోసైక్లిన్ చల్లినా ఫలితం అంతంతమాత్రమే. పైగా అది యాంటీబయాటిక్. మనుషుల వైద్యానికి ముప్పు వస్తుందన్న ఆందోళనతో, పంటలపై దీని వాడకాన్ని నిషేధించేందుకు కేంద్రం 2021 డిసెంబరులోనే ముసాయిదా ఉత్తర్వు ఇచ్చింది.

కాబట్టి రైతు చేతిలో ఉన్నది ఒక్కటే: తెగులు రాకముందే నిర్ణయం తీసుకోవడం.

యాపిల్ తోటల్లో ఏం చేస్తున్నారు?

అమెరికాలో యాపిల్, పియర్ తోటలను ఫైర్ బ్లైట్ అనే బ్యాక్టీరియా తెగులు మాడ్చేస్తుంది. అక్కడి రైతులు మేరీబ్లైట్, కూగర్‌బ్లైట్ అనే లెక్కల పద్ధతులు వాడతారు. పూత విచ్చిందా, ఎన్ని గంటలు వేడి ఉంది, పూలు తడిశాయా.. ఇవన్నీ కలిపి ముప్పు ఎంతో చెబుతాయి. ముప్పు ఉన్న రోజే మందు, లేని రోజు ఖర్చు లేదు.

మన దగ్గర ఉన్నవేంటి?

కేంద్రం 2024 ఆగస్టు 15న జాతీయ తెగుళ్ల నిఘా వ్యవస్థ యాప్ తెచ్చింది. ఫొటో పెడితే తెగులేదో చెబుతుంది. మంచిదే. కానీ ఆకు అంచు పసుపెక్కి, అలలా ఎండితేనే కదా ఫొటో తీసేది! అప్పటికే బ్యాక్టీరియా పొలంలో పాకి ఉంటుంది. ఇక 2019లో వచ్చిన మేఘదూత్ యాప్‌లో వారానికి 2 సార్లు, మంగళ, శుక్రవారాల్లో వాతావరణ సలహాలు వస్తాయి. అవి జిల్లా మొత్తానికి. దేశవ్యాప్తంగా ఆ సలహాలు తయారుచేసే 199 జిల్లా స్థాయి కేంద్రాలను 2024లో మూసేశారు.

ఒకటి తెగులును చూస్తుంది, ఇంకోటి వానను చూస్తుంది. రెండింటినీ మీ పొలంలోని రకంతో, పైరు వయసుతో, వేసిన యూరియాతో కలిపి చెప్పేది కావాలి.

హెచ్చరిక వస్తే ఏం చేయాలి?

25 నుంచి 30 డిగ్రీల వేడి, గాలిలో తేమ, ఈదురుగాలితో వాన.. ఈ తెగులుకు కలిసొచ్చే కాలం ఇదే. గాలికి ఆకులు రాసుకుని గాయాలవుతాయి, బ్యాక్టీరియా అక్కడి నుంచి దిగుతుంది. అందుకే ముప్పు ఉందని తెలిస్తే యూరియా వేయడం ఆపాలి. నిల్వ నీరు తీసేయాలి. తెగులున్న మడి నీళ్లు పక్క మడిలోకి పారనివ్వొద్దు. ఇవేవీ డబ్బు ఖర్చయ్యే పనులు కావు. పైగా ఒక యూరియా దఫా వాయిదా పడుతుంది. నాట్లప్పుడు నారు కొసలు తుంచకపోవడం కూడా ముఖ్యమే.

అనుమానం ఉంటే చిన్న పరీక్ష: ఆకు ముక్క కోసి గాజు గ్లాసు నీళ్లలో ఉంచితే, కోసిన చోట పాలలాంటి ద్రవం కారుతుంది. అది బ్యాక్టీరియానే.

విత్తనంలోనే సగం జవాబు

హైదరాబాద్‌లోని సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ కలిసి ఇదే సాంబ మసూరిలోకి 3 నిరోధక జన్యువులు చేర్చి, 2008లో మెరుగైన సాంబ మసూరిని విడుదల చేశాయి. తెగులు తరచూ వచ్చే పొలాలకు ఇదో దారి. పాత రకమే వేసేవారికి మాత్రం వాన కంటే ముందే హెచ్చరిక అందాలి. రైతు సేవా కేంద్రం నుంచి అది ఫోన్‌కు వస్తే యూరియా బస్తా విప్పాలా వద్దా అన్నది ఆ రోజే తేలుతుంది. ఆకు ఎండాక వచ్చే సలహాతో తెగులు పేరు తెలుస్తుంది, పంట మాత్రం దక్కదు.