ఖుర్తుబా చూసిన కళ్లతో శ్రీకాకుళం

మా మేనల్లుడు ఇంగ్లండులో ఉద్యోగం చేస్తున్నాడు. రెండేళ్ల క్రితం వేసవి సెలవుల్లో భార్యాపిల్లలను వెంటబెట్టుకొని, ఒక కారవాన్ అద్దెకు తీసుకొని స్పెయిన్ దేశపు లోపలి ప్రాంతమంతా తిరిగి వచ్చాడు. అందరూ పోయే సముద్రతీరాన్ని వదలి మాడ్రిడ్ నుంచి టొలెడో, అక్కడి నుంచి మైదానాల మీదుగా కార్డోబా, చివరికి గ్రనడా. పడక, పొయ్యి, నీళ్ల తొట్టి అన్నీ బండిలోనే. ఊరి బయట అటువంటి బండ్ల కోసమే ఏర్పరచిన విడిదిలో ఆపుకోవడం, పగలు ఊరు చూడటం, రాత్రి సొంత వంట. హలాల్ భోజనం ఎక్కడ దొరుకుతుందోనన్న బెంగ వారికి లేకపోయింది.

ఫోనులో పంపిన ఫొటోలు చూసి మా ఆపా కంటతడి పెట్టింది. మనం కార్డోబా అనం, ఖుర్తుబా అంటాం. గ్రనడా అనం, గర్నాతా అంటాం. ఇక్బాల్ 1933లో ఆ మసీదును దర్శించి రాసిన కవిత మన ఇళ్లలో ఉర్దూ వచ్చినవారికి కంఠతా ఉంటుంది. 785లో మొదటి అబ్దుర్రహ్మాన్ పునాది వేసిన ఆ మసీదు 1236లో చర్చి అయింది. ఇప్పుడు టికెట్టు కొని లోపలికి వెళ్లవచ్చు, స్తంభాల అడవిలో తిరగవచ్చు. నమాజు మాత్రం చేయరాదు. మా వాడు రెండు రకాతులు చదువుకోవచ్చునా అని కాపలాదారుని అడిగితే, అతడు మర్యాదగానే తల అడ్డంగా ఊపాడట.

నాకు కన్నీరు రాలేదు. ముప్పై నాలుగేళ్లు రెవెన్యూ కార్యాలయాల్లో గుమాస్తాగా పనిచేసినవాడికి మొదట తోచే ప్రశ్న ఒక్కటే. ఆ కట్టడం ఎవరి పేర ఉంది? మా వాడు తెలుసుకొని చెప్పాడు. తరువాత నేనూ చదివాను. 1946 నాటి స్పెయిన్ చట్టం ఒకటి యాజమాన్య పత్రం లేని చర్చి ఆస్తులను బిషప్పు తన ధ్రువీకరణతోనే రిజిస్టరు చేయించుకొనే వీలు కల్పించింది. ప్రార్థనాలయాలకు మాత్రం అది వర్తించేది కాదు. 1998లో ఆ మినహాయింపును ఎత్తివేశారు. 2006లో స్థానిక బిషప్పు కార్యాలయం ఆ మసీదు-చర్చిని తన పేర రిజిస్టరు చేయించుకొంది. అయిన ఖర్చు 30 యూరోలు. 2015లో ఆ చట్టపు వెసులుబాటును రద్దు చేశారు కాని, అప్పటికే జరిగిపోయిన రిజిస్ట్రేషన్లు అలాగే నిలిచాయి. దీనిని ప్రశ్నించి, ఇది ప్రజలందరి ఆస్తి అని సంతకాలు సేకరించినవారు స్పెయిన్ పౌరులే. వారిలో ముస్లిములు కానివారే ఎక్కువ.

మనం 1236 గురించి విలపిస్తాం. 2006 సంగతి మనలో ఎవరికీ పట్టలేదు.

గత శీతకాలం మేనల్లుడు సెలవు మీద వచ్చాడు. "మామూ, అక్కడ తిరిగినట్టే ఇక్కడా తిరుగుదాం" అన్నాడు. మన రాష్ట్ర ప్రభుత్వమూ ఈ మధ్య కారవాన్ పర్యాటకం అంటోంది కదా, విశాఖ నుంచి అరకు దారి ఆ మాటల్లో ముందే వినిపిస్తుంది కదా అని విచారించాను. మా వంటి కుటుంబానికి ఆ అద్దె అందేది కాదు. పదకొండు మంది పట్టే టెంపో ట్రావెలరు మాట్లాడుకొని, వెనుక గ్యాసు పొయ్యి, రెండు దేగిచీలు, బియ్యం బస్తా, చాపలు వేసుకొని బయలుదేరాం. అదే మా కారవాన్. ఆ మాట ఇంగ్లీషుదనుకుంటారు గాని, పారసీ భాష నుంచి వచ్చిన మన మాటే అది. హైదరాబాదులో కార్వాన్ అని ఒక బస్తీయే ఉంది. గోల్కొండ రోజుల్లో వర్తకుల బిడారులు దిగిన చోటు. 1671 నాటి తోలీ మసీదు నేటికీ అక్కడే ఉంది. దారి పొడవునా సరాయిలు కట్టించిన నాగరికత వారసులం నేడు చాపలు పట్టుకొని తిరుగుతున్నాం.

చాపలెందుకో చెప్పాలి. అరకులో ఒక వసతిగృహంలో ఫోను మీద గదులున్నాయన్నారు. వెళ్లి ఆధార్ కార్డులు బల్ల మీద పెట్టాక, చూసి, లోపలికి వెళ్లి వచ్చి, గదులు లేవన్నారు. కారణం మా పేర్లేనని నేను ప్రమాణం చేసి చెప్పలేను. పండుగ సెలవులు, రద్దీ నిజమే. కాని ఆ లోపలికి వెళ్లి రావడం అన్నది ఎలా ఉంటుందో ఈ పత్రిక పాఠకులకు నేను వివరించనక్కరలేదు. ఇంకొక చోట దొరికాయి, ఆ యజమాని పిల్లలకు పాలు కాచి ఇచ్చాడు. కారవాన్ ఉంటే ఈ బాధే లేదు కదా, మన ఇల్లు మన వెంటే అని కోడలు అన్నది. నిజమే, సదుపాయమే. అయినా గది ఇవ్వనివాడి తప్పుకు జవాబు మనం ఇల్లు మోసుకు తిరగడం కాదని నా అభిప్రాయం. పేరు చూసి గది లేదంటే రసీదు అడగాలి, రాతలో ఫిర్యాదు ఇవ్వాలి. నేను ఆ రోజు ఇవ్వలేదు. మనవలు అలసిపోయి ఉన్నారు. అందరమూ ఇలాగే ఊరుకుంటాం.

అనంతగిరి దాటాక కాఫీ తోటల నడుమ ఒక కొట్టు దగ్గర జుహర్ నమాజుకు ఆగాం. కొట్టు నడిపే ఆదివాసీ స్త్రీ వుజూకు బిందెతో నీళ్లు తెచ్చిపెట్టి, చాప వేసే చోట ఆకులు ఊడ్చింది. అక్కడి అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఈ దేశానికి కాఫీ గింజను యెమెన్ నుంచి తెచ్చినవాడు బాబా బుదన్ అనే సూఫీ అని చెప్పుకుంటారు, కర్ణాటకలో ఆ కొండలకు ఆయన పేరే ఉంది. ఆ సంగతి చెబితే ఆమె నవ్వి, "అయితే మీ సాయిబు గింజలకు మేం చాకిరీ చేస్తున్నాం" అన్నది. ఆమె మాటలో హాస్యం ఎంత ఉందో లెక్క అంత ఉంది. కప్పు కాఫీకి పట్నంలో పుచ్చుకొనే ధరలో ఆ చేతికి ముట్టేదెంత?

ఆమె భర్త కొండదొర. ఆయనతో పోడు భూమి మాట వచ్చింది. ఉద్యోగంలో కొన్నాళ్లు నేను ఏజెన్సీలో పనిచేశాను గనుక నాకు ఆ భాష తెలుసు. షెడ్యూల్డు ప్రాంతంలో భూమి ఆదివాసేతరుల చేతికి మారరాదని 1970లో ఒకటవ నిబంధన వచ్చింది. అందరూ 1/70 అంటారు. మనవాళ్లలో కొందరు వర్తకులు ఆ చట్టాన్ని సణగడం నేను విన్నాను. ఏళ్ల తరబడి కొట్టు పెట్టుకున్నా సెంటు భూమి మా పేర కాదని వారి బాధ. నేను వారితో ఏకీభవించను. బలహీనుడి భూమికి కంచె వేసే చట్టాన్ని సణిగినవాడు, రేపు తన శ్మశానానికి కంచె కావాలని ఏ ముఖంతో అడుగుతాడు? పర్యాటకం పేరిట కొండ మీద కారవాన్ విడుదులు వచ్చినా అవి గ్రామసభ అనుమతితో, ఆదివాసుల చేతనే నడవాలి. 1996 నాటి పెసా చట్టం ఆ సభకు అంత పట్టు ఇచ్చింది. బండి వెళ్లిపోయాక మిగిలే మురికినీళ్లు, ప్లాస్టిక్కు ఎవరి గెడ్డలో పడతాయన్నది కూడా ఆ సభే అడగాలి.

ఆయన చెప్పిన మాట ఒకటి నన్ను చాలా దూరం వెంటాడింది. తాత కాలం నుంచి దున్నుతున్న చెక్కకు కాగితం అడిగితే, ఊరి పెద్దలు చెప్పిన మాటను రాయించి పెట్టాడట. దాని మీద హక్కుపత్రం వచ్చిందట. 2006 నాటి అటవీ హక్కుల చట్టం కింద పెద్దల వాంగ్మూలమూ ఒక సాక్ష్యమే. అనుభవాన్నీ జ్ఞాపకాన్నీ కాగితంతో సమానంగా చూసిన అరుదైన చట్టాల్లో అదొకటి.

మనకూ అటువంటిది ఉండేది. పత్రం లేకపోయినా, తరతరాలుగా నమాజుకో ఖననానికో వాడుకలో ఉన్న స్థలం వాడుక చేతనే వక్ఫ్ అవుతుందన్న సూత్రం అది. 2025 వక్ఫ్ సవరణ చట్టం ఇకమీదటికి ఆ సూత్రాన్ని తొలగించింది. అంతకుముందే నమోదైనవి, వివాదంలో లేనివి, ప్రభుత్వ భూమి కానివి మాత్రం నిలుస్తాయి. ఉన్న ఆస్తులన్నిటి వివరాలనూ ఆరు నెలల్లో ఉమీద్ పోర్టల్‌లో ఎక్కించాలన్నారు. 2025 సెప్టెంబరు 15న సుప్రీంకోర్టు కొన్ని సెక్షన్లను నిలిపివేసింది గాని, ఈ తొలగింపును గాని, నమోదు నిబంధనను గాని నిలపలేదు. గడువు డిసెంబరుతో ముగిసింది. ఇక మిగిలింది ట్రిబ్యునలు గడప. ఈ చట్టం న్యాయమైనదని నేను అనడం లేదు. అన్యాయమని నేనూ సభల్లో చెప్పాను. కాని సభ ముగిశాక ఎందరం మసీదు బీరువా తెరిచాం?

అరకు నుంచి ఘాటు దిగి శృంగవరపుకోట మీదుగా విజయనగరం వచ్చాం. 1713లో కోట కట్టే ముందు, అడవిలో తపస్సు చేసుకుంటున్న మహబూబ్ వలీ అనే ఫకీరు రాజుగారికి ఆ స్థలం చూపాడని ఆ ఊరి ఐతిహ్యం. బాబా ఖాదర్ వలీ దర్గాకు నేటికీ అన్ని మతాలవారూ వస్తారు. అక్కడి నుంచి బొబ్బిలి. 1757 జనవరి యుద్ధం, తాండ్ర పాపారాయుడు అందరికీ తెలుసు. ఆ ఊరి పేరు వెనుక కథ మన పిల్లలకు తెలియదు. గోల్కొండ ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాన్ వెంట వచ్చిన వెలమ దొర, తనకు మేలు చేసిన ఆ ఖాన్ పేరు మీదుగా ఊరికి పెద్దపులి అని పేరు పెట్టాడనీ, అదే పెబ్బులి, బొబ్బిలి అయిందనీ చెబుతారు. షేర్ అంటే పులి కదా. ఒక ఉర్దూ పేరు తెలుగు పౌరుషానికి మారుపేరుగా స్థిరపడింది.

శ్రీకాకుళం చేరేసరికి మగ్రిబ్ వేళ. పట్టణంలోని జామియా మసీదు ఆ షేర్ మహమ్మద్ ఖాన్ కట్టించినదే, 1640ల నాటిది. ఇంగ్లీషువారు చికాకోల్ అని పిలిచిన ఈ ఊరు ఒకప్పుడు ఒక సర్కారుకు కేంద్రం. దీని సన్నని మస్లిన్ బట్టకు దేశాంతరాల్లో పేరుండేది. తరువాతి కాలంలో ఆర్కాటు నవాబైన అన్వరుద్దీన్ ఖాన్ ఇక్కడ ఫౌజుదారుగా ఉన్నవాడే. ఇంత చరిత్ర ఉన్న మసీదులో మేనల్లుడు, నేను పక్కపక్కన నిలబడి నమాజు చేశాం. ఖుర్తుబాలో అతడు చేయలేకపోయిన సజ్దా ఇక్కడ ఎవరూ ఆపలేదు. అరవై దాటిన నేను, విశాఖలో ఇన్నేళ్లు ఉండి, ఈ మసీదుకు రావడం అదే మొదటిసారి అని అతనికి చెప్పడానికి సిగ్గు వేసింది.

ఒక మాట దాచరాదు. ఈ మసీదులో గుడి రాళ్లు వాడారన్న మాట పాత రాతల్లో ఉంది. ఖుర్తుబా మసీదు స్థలంలో అంతకుముందు చర్చి ఉండేదనీ చెబుతారు. మనకు జరిగినదాన్ని చరిత్ర అనీ, మనవారు చేసినదాన్ని పుకారు అనీ అంటే ఎవరూ మన మాట వినరు. అందుకే 1991 నాటి ప్రార్థనాస్థలాల చట్టం విలువైనది. 1947 ఆగస్టు 15 నాటికి ఏది ఎలా ఉందో అలాగే ఉండనివ్వాలన్న గీత అది. గీత చెరిగితే ఎవరి తవ్వకం ఎక్కడ ఆగుతుందో తెలియదు. ఆ గీతను కాపాడుకోవడానికి మనకు పూర్వీకుల నిర్దోషిత్వంతో పనిలేదు.

ప్రభుత్వాన్ని నేను కోరేది చిన్నది. అరకు వరకు వేసే కారవాన్ దారిని విజయనగరం, బొబ్బిలి, శ్రీకాకుళం దాకా పొడిగించండి. అరసవల్లి సూర్యదేవాలయం, శాలిహుండం బౌద్ధ స్తూపాలు, జామియా మసీదు ఒకే ప్రయాణంలో చూడగల ఊళ్లు ఎన్ని ఉన్నాయి? విశాఖలో ఒకే వరుసలో గుడి, చర్చి, ఇసాక్ మదీనా దర్గా ఉన్న కొండలను చూపి మొదలుపెట్టవచ్చు.

మనవారిని కోరేది ఇంకా చిన్నది, కాని కష్టమైనది. చదువుకున్న పిల్లవాడొకణ్ణి పిలిచి ఒక నోటుపుస్తకం ఇవ్వండి. మీ మసీదు, దర్గా, శ్మశానం సర్వే నంబరేమిటి, ఎల్లలేమిటి, 1960లలోని వక్ఫ్ గెజిట్‌లో ఉన్నదా? పూర్వం ఇనాం అయితే ఇనాం ఫెయిర్ రిజిస్టరులో ఎవరి పేర ఉంది? జమీందారీ ఊరైతే 1948 ఎస్టేట్ల రద్దు తరువాతి సెటిల్మెంటు అడంగలులో ఏమని రాశారు? ధ్రువీకృత నకలుకు దరఖాస్తు పెడితే ఇవ్వకుండా ఉండరు. కావాలని తిప్పుతారు, నిజమే. నేనూ ఆ బల్ల వెనుక కూర్చున్నవాణ్ణే. నాలుగోసారి వచ్చినవాడికి ఇస్తారు. నకలు రెండు తీయించి ఒకటి మసీదు బయట ఎవరింట్లోనైనా ఉంచండి. ఇంకా బతికి ఉన్న వృద్ధుల చేత, తాము ఎప్పటినుంచి అక్కడ నమాజు చేస్తున్నారో రాయించి సంతకాలు తీసుకోండి. కొండదొర చేసినది అదే.

మేనల్లుడు తిరిగి వెళ్లేముందు, మన బస్తీ మసీదు గెజిట్ నకలు చూపించు మామూ అన్నాడు. మరునాడే కమిటీ కార్యదర్శిని అడిగాను. బీరువా తాళం పాత ముతవల్లీగారి కుమారుని దగ్గర ఉందనీ, ఆయన ఊరి నుంచి రాగానే వెదికి చెబుతాననీ అన్నారు. ఆ మాట జరిగి ఇవాళ్టికి ఆరు వారాలు.