గడిలో ఇమడని కొండ

ఎండలు ముదిరిపోతున్నాయని మా గూడేలకు ఎవరూ వచ్చి చెప్పక్కర్లేదు. అయినా లెక్క లెక్కే. కేంద్ర భూవిజ్ఞాన శాఖ 2020లో ప్రచురించిన మదింపు ప్రకారం 1901 నుంచి 2018 దాకా దేశపు సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీలు పెరిగింది. పొగ విచ్చలవిడిగా వదులుతూ పోతే ఈ శతాబ్దం చివరికి, 1976-2005 సగటు మీద, మరో 4.4 డిగ్రీల దాకా పెరగవచ్చు. దీన్ని మేం కాదనడం లేదు. ఈ అంచనాను తెచ్చి మా కొండ మీద పరిచి, ‘మీకున్న ముప్పు ఇదీ’ అని తీర్పు చెప్పే పద్ధతితోనే మా తగువు.

ప్రపంచం మొత్తానికి వేసే నమూనాల్లో ఒక్కో గడి మామూలుగా వంద కిలోమీటర్లు, ఆపైన ఉంటుంది. దాన్ని ఇంకా చిన్న గడులుగా చేసి ప్రాంతీయ అంచనాలు తయారు చేస్తారు. కార్డెక్స్ పేరుతో దక్షిణాసియాకు చేసిన అంచనాల్లో చాలావాటికి గడి సుమారు 50 కిలోమీటర్లు. మరి అనంతగిరికీ కింద శృంగవరపుకోటకూ మధ్య పిట్ట ఎగిరే దూరం ఎంత? పాతిక కిలోమీటర్ల లోపే. కోట మైదానం, అనంతగిరి కొండ. వెయ్యి మీటర్లు ఎక్కితే వేడి ఆరు డిగ్రీల దాకా తగ్గుతుంది. రెండూ ఒకే గడిలో పడితే ఆ లెక్కలో మా కొండ సగం అరిగిపోతుంది, మైదానం సగం లేచి నిలబడుతుంది. అలాంటి ఊరు భూమ్మీద ఎక్కడుందో చూపించమనండి! తరగతిలో ఒకడికి తొంభై, ఒకడికి పది మార్కులొస్తే సగటు యాభై అంటాం. ఆ యాభై ఏ పిల్లాడిదీ కాదని ఐదో తరగతి వాళ్లకే తెలుసు.

నమూనాలో వచ్చిన తప్పును వాతావరణ కేంద్రాల కొలతలతో సరిదిద్దుతామంటారు. మంచిదే. కానీ ఆ కేంద్రాలు మైదానంలో ఎక్కువ, కొండల్లో తక్కువ. మండల కేంద్రంలో కురిసిన వానను ఆ వెనక మెట్ట మీదున్న గూడెం ఖాతాలో వేస్తే అది సరిదిద్దడం ఎలా అవుతుంది?

కాఫీ సంగతే చూడండి. పాడేరు, అరకు, చింతపల్లి వైపు వేల కుటుంబాలు దాని మీదే బతుకుతున్నాయి. మార్చి, ఏప్రిల్‌లో ఒక మంచి వాన పడితే మొగ్గ విచ్చుకుంటుంది. కొన్ని వారాలకు మరో వాన పడితే పిందె నిలబడుతుంది. మొదటిది వచ్చి రెండోది రాకపోతే పూత చూసి మురిసిన రైతు నోట్లో మట్టే. ఏడాదికి వాన ఐదు శాతం పెరుగుతుందో తగ్గుతుందో చెప్పే అంచనా ఈ రెండు వానల గురించి ఏం చెబుతుంది? వేడి విషయంలో నమూనాలన్నీ ఒకే వైపు చూపిస్తాయి. వాన దగ్గరకొచ్చేసరికి ఒకటి పెరుగుతుందంటుంది, ఒకటి తగ్గుతుందంటుంది. నివేదిక రాసేవాళ్లు వాటి మధ్య సగటు తీసి ఒక్క అంకె వేసేస్తారు. తగువంతా ఆ అంకె కింద దాగిపోతుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చి సిల్వర్ ఓక్ నీడచెట్లను పడగొట్టింది. నీడ పోతే కాఫీ మొక్కకు వేడి ఎక్కువ తగులుతుంది, కాండం తొలిచే పురుగు పెరుగుతుంది. ఒక్క గాలి దెబ్బ ఏళ్ల తరబడి నడుస్తుంది. దాన్ని ఏ సగటులో వెతుక్కోవాలి?

ముప్పు అంటే వచ్చే ఉపద్రవం ఒక్కటే కాదనీ, దానికి ఎదురుగా ఎవరున్నారు, వాళ్లు ఎంత తట్టుకోగలరు అనేవి కూడా కలపాలనీ ఐపీసీసీ పుస్తకాలే చెబుతున్నాయి. ఆ మూడోదాని కింద మా గురించి ఏం రాస్తారు? రోడ్డు లేదు, చదువు తక్కువ, పక్కా ఇల్లు లేదు. ఇవన్నీ ‘దుర్బలత్వం’ అట. రోడ్డు వేయనివాళ్ల పేరు మాత్రం ఏ గడిలోనూ ఉండదు. ఒకే పోడులో చోళ్లు, సామ, కొర్ర, కంది కలిపి చల్లి, ఒకటి పోయినా ఇంకొకటి దక్కించుకునే మా అమ్మమ్మల తెలివిని బలం కింద ఎందుకు రాయరు? రాస్తే పోడు మానమని చెప్పడం కష్టం కదా.

అదే వాతావరణ మార్పు పేరు చెప్పి మా గెడ్డల మీద పంప్డ్ స్టోరేజీ విద్యుత్ ప్రాజెక్టులకు కొలతలు వేస్తున్నారు. ఆ కొలతలు మాత్రం గజాల్లో ఉంటాయి. నీళ్లు ఎక్కడ కట్టాలో, ఏ చెట్టు దాకా మునుగుతుందో అంత సూక్ష్మంగా తెలుస్తుంది. మాకొచ్చే ముప్పు చెప్పడానికి మాత్రం 50 కిలోమీటర్ల గడి చాలట!

1996 పీసా చట్టం మా గ్రామసభకు మాట్లాడే హక్కు ఇచ్చింది. జిల్లా వాతావరణ ప్రణాళిక ఏదైనా ఆమోదించే ముందు గ్రామసభలో చదివి వినిపించాలి. సగటు ఒక్కటే కాదు, ఎక్కువ తక్కువలు రెండూ చెప్పాలి. ఏడాది వాన బదులు మా పంటకు కావలసిన వారాల వాన చెప్పాలి. అర్థం కాదనుకుంటున్నారేమో, మా భాషలో చెప్పి చూడండి.

ఇంకొకటి. ప్రతి ఆశ్రమ పాఠశాల ఆవరణలో ఒక వానమాపకం పెట్టించండి. పెద్ద ఖర్చేం కాదు. వాతావరణ శాఖ కొలిచే వేళకే, ఉదయం ఎనిమిదిన్నరకు, పిల్లలు చూసి రాస్తారు. సెలవుల్లో పక్క గూడెం పిల్లలు వచ్చి చూస్తారు. పుస్తకం మేమే కొంటాం.